మా ఇంట్లో ఎవరూ పిలవని పేరు

నా పేరు ఇక్కడ రాయను. దాచుకోవాల్సిన పేరేమీ కాదు, మర్యాదైన పేరే. కానీ మా ఇంట్లో ఆ పేరు పలకకుండా బతకడం అందరికీ అలవాటు. రాయడానికి కూర్చుంటే నాకూ అదే అలవాటు పట్టుకుంది. మైకు ముందు మాత్రం ఆ పేరుతోనే నిలబడతాను. దాన్ని తీసి పక్కన పెట్టి, స్టేజీ కోసం వేరే పేరు తగిలించుకునే దాకా వెళ్ళి, ఆఖరి నిమిషంలో వెనక్కి వచ్చాను. వచ్చినందుకు ఇప్పటికీ ప్రాణం హాయిగా ఉంది.

నాది తాత పేరు, అంటే మా నాయనను కన్నాయన పేరు. తాత బతికుండగానే పట్టుబట్టి నాకు పెట్టించాడట. పెట్టేటప్పుడు అందరూ మురిసిపోయారు గానీ, పిలిచేది ఎట్లా అని ఒక్కరూ ఆలోచించలేదు. మా వైపు పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. కాబట్టి మా అవ్వ అనదు. కోడలు మామ పేరు అనదు. కాబట్టి మా అమ్మా అనదు. మిగిలింది నాయన. ఆయనకు ఏ అడ్డూ లేదు, కానీ కన్నతండ్రి పేరుకు ముందు ‘ఒరే’ చేర్చి పిలవడానికి నోరు రాలేదు. అట్లా నేను అవ్వకు అబ్బోడినయ్యాను, అమ్మకు ‘నాయనా’ అయ్యాను, నాయనకు ‘ఏమప్పా’ అయ్యాను.

ఇందులో నాకు లాభం లేకపోలేదు. వీధిలో మిగతా పిల్లలను వాళ్ళ నాయనలు పేరు పెట్టి, ఆ పేరుకు గాడిదనో దున్నపోతునో జతచేసి తిట్టేవాళ్ళు. మా నాయనకు కోపమొస్తే నోరు తెరిచేవాడు, తన తండ్రినే తిట్టినట్టవుతుందని గుర్తొచ్చి మూసుకునేవాడు. మింగిన కోపమంతా మగ్గం మీద చూపించేవాడు. “మనవడు అల్లరి చేసిన రోజు నేత గట్టిగా పడ్తాది” అని తాత ఎగతాళి చేసేవాడు.

మా ఇల్లు ధర్మవరంలో. ముందు గదిలో గుంత మగ్గం, వెనక వంట, మధ్యలో మేము. తాత మంచి నేతగాడే గానీ, వీధికి ఆయన కావలసింది నేత కోసం కాదు, మాట కోసం. టీ అంగడి దగ్గర నలుగురు చేరి ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళు. కాసేపటికి మాటలు చప్పబడిపోయేవి. అప్పుడు వాళ్ళలో ఒకడు లేచి మా ఇంటికి వచ్చేవాడు. గడప అవతల నిలబడి తాతను పేరు పెట్టి గట్టిగా కేకేసేవాడు. తాత వెళ్ళాడంటే ఇక చెప్పక్కర్లేదు. షావుకారు చీర మడత విప్పి ముక్కు చిట్లించే తీరు, బస్సు కండక్టరు గొంతు, పెళ్ళిలో అలిగి అన్నం ముందు కూర్చుని లేవని మామ, అందరినీ అక్కడికి దించేసేవాడు. అంగడి మొత్తం పొట్టలు పట్టుకునేది. మగ్గం మాత్రం ఆగిపోయేది.

అందుకని అవ్వ ఒక ఉపాయం కనిపెట్టింది. బయట కేక వినబడటం ఆలస్యం, వంటింట్లోంచే రాగం తీసేది.

“ఇంట్లో లేడప్పా!”

తాత అక్కడే ఉండేవాడు. గడపకు అంత దగ్గరలో, గుంతలో కాళ్ళు పెట్టుకుని, పోగుల మధ్య దారం తీసుకుపోయే నాడె ఆడిస్తూ. మగ్గం చప్పుడు వీధిలోకి శుభ్రంగా వినబడుతూనే ఉండేది. వచ్చినవాడికీ తెలుసు, అవ్వకూ తెలుసు. అయినా “యాడికి పోయినాడమ్మా?” అని వాడు అడిగేవాడు. “నాకు చెప్పి పోతాడేమప్పా?” అని ఈమె అనేది. తాత నవ్వు బిగబట్టుకుని తల వంచుకునేవాడు. అవ్వ గెలిచిన రోజు చీర కాస్త ముందుకు జరిగేది. ఓడిన రోజు తాత కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

నాకు ఒక పేరుందని బడిలో చేరాకే సరిగ్గా తెలిసింది. టీచరు హాజరు పిలుస్తూ ఆ పేరు చదివితే, తాతను ఎందుకు పిలుస్తున్నారా అని వాకిలి వైపు చూశానట. తర్వాత అది నాదేనని తెలిసి మహా సంబరపడ్డాను. ఆ సంబరంలో ఉండగానే ఒకరోజు మా గడప దగ్గర ఎవరో ఆ పేరుతో కేకేశారు. నన్నే అనుకున్నాను. “ఉండా! ఈడే ఉండా!” అంటూ బయటికి పరుగెత్తాను. వెనక నుంచి అవ్వ “ఇంట్లో లేడప్పా!” అంటూనే ఉంది. వచ్చినాయన నన్ను ఎత్తి చంకనేసుకున్నాడు.

“ఇదో, ఈడ ఉండాడు కదమ్మా! ఈయప్పను పిల్చుకోని పోతాండా” అన్నాడు.

తాతకు బదులు నన్ను టీ అంగడికి తీసుకుపోయి, బల్ల మీద నిలబెట్టి, బన్ను చేతికిచ్చి, ఏదైనా చెప్పమన్నారు. ఏం చెప్పానో గుర్తు లేదు. నవ్వారని మాత్రం గుర్తుంది.

నేను హైస్కూల్లో ఉండగా తాత పోయాడు. మా వాకిట్లో ఆ కేక ఆగిపోయింది. అప్పుడు నేను ఆ సంగతి గమనించలేదు. నాకు గమనించే వయసు కాదు, గమనించే బుద్ధీ అప్పటికి రాలేదు.

ఆ తర్వాత ఒకసారి అవ్వకు కళ్ళు చూపించడానికి హిందూపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చీటీ రాసే ఆయన “భర్త పేరేమమ్మా?” అని అడిగాడు. అవ్వ నన్ను ముందుకు తోసింది.

“ఇదో, ఈ పిల్లోని పేరే.”

“ఈ అబ్బాయి పేరేమి?”

“ఆయప్ప పేరే.”

“ఏ అప్ప?”

“అదేప్పా, ఈ పిల్లోని తాత.”

“ఆయన పేరే కదమ్మా నేను అడుగుతాండేది!”

“చెప్తి కదప్పా, ఈ పిల్లోని పేరేనని!”

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. చీటీ రాసే ఆయన కూడా పెన్ను కింద పెట్టి నవ్వాడు. చివరికి నేను చెప్పాను. నేను చెబుతుంటే అవ్వ తల కొంచెం పక్కకు తిప్పుకుంది. సిగ్గుపడిందనుకున్నాను.

చదువయ్యాక పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ఉద్యోగం దొరికింది. నట్లూ బోల్టులూ ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని చూసుకునే పని. పెనుకొండలోనే గది. ఆదివారాలు రైలెక్కి బెంగళూరు పోయి, ఒక కాఫీ హోటలు మేడ మీద మైకు పట్టుకోవడం మొదలుపెట్టాను. ఎవరైనా వచ్చి కాసేపు మాట్లాడి నవ్వించవచ్చు, నవ్వకపోతే దిగిపోవచ్చు. దాన్ని స్టాండప్ కామెడీ అంటారని ఇంట్లో చెబితే నాయన చాలాసేపు ఆలోచించాడు.

“నిలబడుకోని మాట్లాడేదానికి బెంగళూరు దాకా ఏంటికప్పా? ఈడ నిలబడితే కాదా?” అన్నాడు.

ఆ మేడ మీద తెలుగు షోలు నడిపేది ఒక హిందూపురం అతను. పగలు కంప్యూటరు ఉద్యోగం, ఆదివారం ఈ పిచ్చి. తెలుగులో మొదలుపెట్టిన వాక్యం కన్నడంలో ముగిస్తాడు, అది ఆయనకే తెలియదు. నాకంటే కొంచెం పెద్ద, మంచివాడు, కానీ సలహా ఇవ్వకుండా ఉండలేడు. నన్ను పక్కకు పిలిచి పేరు మార్చుకోమన్నాడు.

“నీ పేరు మైకులో చెప్తే జనం ముసలాయన కోసరం చూస్తాండారు గురూ. ఆ పేరుకు పంచె కట్టుకోని, కట్టె పట్టుకోని వచ్చేవాడు కావల్ల. నువ్వేమో జీన్స్ ప్యాంటేసుకోని వస్తావు. నువ్వేనని వాళ్ళు నమ్మేలోపల సగం టైము అయిపోతాది.”

మిగతావాళ్ళలో చాలామందికి స్టేజీ పేర్లు ఉన్నాయి. ఒకమ్మాయి ఆఫీసు వాళ్ళకు తెలియకూడదని పెట్టుకుంది. ఆమె అవసరం ఆమెది, అందులో తప్పేముంది? ఒకతను సంఖ్యాశాస్త్రం చూపించుకుని పేరులో అక్షరం పెంచుకున్నాడు. నవ్వులు మాత్రం పెరగలేదు. నా గదిలో ఉండేవాళ్ళు నాకోసం పేర్లు కట్టారు. అన్నీ ‘సీమ’తో మొదలై బాంబుతో ముగిసేవే. మీకు దండం పెడతానని చెప్పి ఊరుకున్నాను.

నిజానికి నేను పేరు మార్చుకునేవాణ్ని కాదు. ఆసుపత్రిలో అవ్వ చెప్పిన ‘ఈ పిల్లోని పేరే’ కథే నా దగ్గరున్న వాటిలో గట్టిది. మొదట నా పేరు చెప్పి, తర్వాత ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎందుకు పలకరో చెబుతూ పోతే, మేడంతా నవ్వేది. కానీ ఎవరో దాన్ని ఫోనులో తీశారు. ఫోన్లో తీసినది ధర్మవరం చేరకుండా ఉంటుందా? పక్కింటాయన మా నాయనకు చూపించాడు.

నేను ఇంటికి వెళ్ళినప్పుడు నాయన కేకలేయలేదు. ఆయన కేకలేయలేడని చెప్పాను కదా. మగ్గం మీదే కూర్చుని, నా వైపు చూడకుండా అన్నాడు.

“నువ్వు ఏమన్నా చేసుకో అప్పా. వద్దనను. మా నాయన పేరు మాత్రం ఆడ పెట్టొద్దు. పెద్దమనిషి పేరు. నవ్వులపాలు చేయొద్దు.”

నవ్వులపాలు. ఆ మాట రైల్లో పెనుకొండ దాకా నా పక్కనే కూర్చుంది. నేను ఎంచుకున్న పనే అది కదా, పదిమందిలో నవ్వులపాలు కావడం! ఎవరూ నవ్వకపోతేనే నాకు అవమానం. కానీ అది నా పాలు. తాతను అందులోకి లాగే హక్కు నాకుందా? లేదనిపించింది. నాయనకు కష్టం కలిగించడం నాకు ఇష్టం లేదు. సరే, పేరు మార్చేద్దామనుకున్నాను.

హిందూపురం అతనే ఒక పేరు చెప్పాడు. చిన్న పేరు, నోట్లో వేసుకుంటే కరిగిపోయే రకం. ఏ ఊరివాడిదో, ఏ వయసువాడిదో తెలియదు. ఆదివారం బెంగళూరు మేడ మీద ఆ పేరు మొదటిసారి పిలిచారు. నేను వెనక వరసలో కూర్చుని మర్యాదగా చప్పట్లు కొట్టాను. ఇంకోసారి పిలిచారు. ఎవడో గానీ భయపడి రాలేకపోతున్నాడు పాపం అని ఇంకా గట్టిగా కొట్టాను. హిందూపురం అతను మైకు పక్కకు పెట్టి, “గురూ, నువ్వే!” అని అరిచాడు. అప్పుడు లేచాను.

ఆ రోజు నవ్వింది అప్పుడే. తర్వాత ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఆసుపత్రి కథ ఆ కొత్త పేరుతో చెప్పి చూశాను, కుదరలేదు. ఆ పేరు ఏ అవ్వా పలకకుండా దాచుకునే పేరు కాదు. వేరేవాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెబితే కథలో ప్రాణం లేదు. దాన్ని వదిలేసి ట్రాఫిక్ గురించీ ఇంటి ఓనర్ల గురించీ చెప్పాను. అవి అక్కడ అందరూ చెప్పేవే. దిగేటప్పుడు చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం వేరే ఎవరి చొక్కానో వేసుకుని ఫోటో దిగినట్టుంది.

ఇట్లా కొన్ని ఆదివారాలు గడిచాక హిందూపురం అతను తన ఊళ్ళోనే ఒక షో పెట్టాడు. ఒక బేకరీ పైన హాలు మాట్లాడాడు. మన ఊరివాళ్ళు మన మాటకు నవ్వాలని ఆయన కోరిక. పోస్టరు సోమవారం ప్రింటుకు పోతుంది, కొత్త పేరే కదా, ఒక మాట చెప్పెయ్ అన్నాడు. నేను చెప్పేద్దామనే అనుకుని, ఆదివారం ఇంటికి వెళ్ళాను. తాత పేరు భద్రంగా ఉంది, ఇక దిగులు లేదు అని నాయనకు చెబితే సంతోషిస్తాడని.

అవ్వ మగ్గం పక్కనే గోడకు ఆనుకుని, నానబెట్టిన అనపగింజలు పితుకుతూ ఉంది. రెండు వేళ్ళ మధ్య గింజ నొక్కితే పప్పు గిన్నెలోకి ఎగిరి పడుతోంది. అమ్మ మసాలా నూరుతోంది. నాయన మగ్గం మీద ఉన్నాడు. నేను సంగతి చెప్పాను.

“కొత్త పేరా? ఏం పేరప్పా?” అంది అవ్వ.

చెప్పాను. ఆమె దాన్ని పలికి చూసింది. ఇంకోసారి పలికి, నన్ను చూసి, “రారా” అని కూడా చేర్చి నవ్వింది. బుద్ధెరిగాక మా అవ్వ నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఎంత సులభంగా పిలిచిందో! నాకు కలిగింది ఆనందమో ఏమో తెలియలేదు.

“బాగుండాదిలే” అని మళ్ళీ గింజలు అందుకుంది. ఒకటి పితికి ఆగిపోయింది. “అయితే ఆ పేరు పిల్చరా ఇంక?”

“ఏ పేరవ్వా?”

“ఆ పేరేప్పా.”

“పిలవరు. దాన్ని ఎవురూ నవ్వులపాలు చేయరులే.”

అవ్వ గిన్నె పక్కకు జరిపింది. ఎప్పుడూ చకచకా మాట్లాడే మనిషి, మాట కోసం వెతుక్కుంది.

“నేను నోటితో అనకూడదు. మీ యమ్మ అనకూడదు. మీ నాయనకు నోరు రాదు. ఆయప్ప పోయినాక మన వాకిట్లో నిలబడి ఆ పేరు పెట్టి పిల్చినోళ్ళే లేరప్పా. నువ్వు పెద్దోడైతే నీ కోసరమన్నా ఎవురైనా వచ్చి పిలుస్తారులే, ఇంట్లో కూర్చోని వింటాములే అనుకుంటి. నీ స్నేహితులు వాకిట్లోకొచ్చి గూడా ఫోన్ చేస్తారు, నోరు తెరిచి పిల్చరు. మైకులో పిలుస్తారని పక్కింటాయన చెప్తే నాకు ఎంత సంతోషమాయనో తెల్సునా నీకు? పలికే రాత ల్యాదు నాకు, సరే. వినే రాత గూడా లేదా?”

అమ్మ నూరడం ఆపేసింది. ఆసుపత్రిలో నేను తాత పేరు చెబుతుంటే అవ్వ తల పక్కకు తిప్పుకోవడం గుర్తొచ్చింది. సిగ్గు కాదు అది. చెవి ఇటు పెట్టింది.

నాయన నాడె చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. “నగుతారమ్మా” అన్నాడు మెల్లగా. మా వైపు నవ్వడాన్ని నగడం అంటారు.

“నగితే ఏమి? ఆయప్పను వాళ్ళు నగేకి గాక ఇంక దేనికి పిలుస్తాండ్రి?”

“ఆయప్ప మాటకు నగుతాండ్రి. పేరుకు కాదు.”

“వీడూ మాటకే నగిస్తాడు.” అవ్వ నా వైపు తిరిగింది. “ఏమప్పా, నగిస్తావా లేదా?”

“నగిస్తానవ్వా” అన్నాను.

నాయన నాడె కింద పెట్టి, “సరే. నేనూ వస్తా. చూస్తా” అన్నాడు. ఒప్పుకున్నాడో బెదిరించాడో అర్థం కాలేదు. ఏదైతేనేం, నాకు భుజాల మీద నుంచి పెద్ద బరువు దించినట్టుంది. వీధిలోకి వచ్చి హిందూపురం అతనికి ఫోన్ చేసి పాత పేరే వేయమన్నాను. “నీ ఇష్టం గురూ, జనం ముసలాయన కోసరమే చూడనీ” అన్నాడు.

షో రోజు అవ్వా నాయనా ధర్మవరంలో రైలెక్కారు. నేను పెనుకొండలో అదే పెట్టెలోకి ఎక్కాను. చూస్తే అవ్వ పట్టుచీర కట్టుకుని కూర్చుని ఉంది. పట్టు నేసే ఇళ్ళలో పట్టు కట్టేది ఎప్పుడో గాని జరగదు. ఎదుటి సీటులో ఒకమ్మ ఆ చీర అంచు చూస్తూ, “ఎవురి పెండ్లికమ్మా?” అని అడిగింది.

“పెండ్లి కాదమ్మా. మావాని పేరు మైకులో పిలుస్తారంట. వినేకి పోతాండాము” అంది అవ్వ.

ఆయమ్మకు ఏం అర్థమైందో గానీ, చాలా మంచిదన్నట్టు తల ఊపింది. నాయన కిటికీ వైపు తిరిగాడు.

బేకరీ పైన హాలు నిండింది. ప్లాస్టిక్ కుర్చీలు, కింద నుంచి వేడి బన్నుల వాసన. అవ్వను ముందు వరసలో కూర్చోబెట్టాను. నాయన ముందుకు రానన్నాడు, తలుపు పక్కన కుర్చీ వేసుకున్నాడు. తన తండ్రి పేరుకు ఎవరైనా వెకిలిగా నవ్వితే లేచి వెళ్ళిపోవడానికే అక్కడ కూర్చున్నాడని నాకు తెలుసు. హాలు వెనక నిలబడి నేను ఆ తలుపునే చూస్తూ ఉన్నాను. చెప్పాల్సినవన్నీ మరిచిపోయాను.

నా వంతు వచ్చింది. హిందూపురం అతను మైకు అందుకుని నా పేరు పిలిచాడు. మైకు కుయ్యిమంది. సరిగ్గా వినబడలేదేమోనని, ఈసారి గొంతు పెంచి, సాగదీసి, అచ్చం వీధిలో నిలబడి కేకేసినట్టు పిలిచాడు.

ముందు వరసలోంచి రాగం లేచింది.

“ఇంట్లో లేడప్పా!”

హాలంతా నేనెప్పుడూ విననంత నవ్వు. కుర్చీలు చప్పుడయ్యాయి. హిందూపురం అతను మైకు పట్టుకుని వంగిపోయాడు. అవ్వ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కావాలని అన్నది కాదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పేరుతో కేక వినబడింది, నోరు తన పని తాను చేసేసింది. నేను తలుపు వైపు చూశాను. నాయన లేచి నిలబడ్డాడు. పోతున్నాడనుకున్నాను. పోలేదు. తలుపు పట్టుకుని, పైకండువా కళ్ళకు అద్దుకుంటూ, భుజాలు అదిరేలా నవ్వుతున్నాడు. మా నాయన అట్లా నవ్వడం తాత ఉన్నప్పుడు చూశానేమో, మళ్ళీ అప్పుడే చూడటం.

నా భయం ఎటు పోయిందో పోయింది. హాలు మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి మైకు అందుకున్నాను. రాసుకున్న మొదటి మాట పక్కన పెట్టేశాను.

“ఉండా అవ్వా. ఈడే ఉండా” అన్నాను.

ఆ తర్వాత గడప దగ్గర కేకలూ, గుంతలో నవ్వు బిగబట్టుకున్న తాతా, ఆసుపత్రి చీటీ, ఒకటి వెంట ఒకటి వచ్చేశాయి. నవ్వారు. మాటకే నవ్వారు. ఆ పేరు చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త ఇష్టంగా నవ్వారు. దిగేసరికి చొక్కా తడిసిపోయింది, ఒళ్ళు దూదిలా ఉంది.

ఇప్పుడు కొత్తగా మైకు పట్టుకునేవాళ్ళు కొందరు, అన్నా, స్టేజీ పేరు పెట్టుకోవాలా వద్దా అని నన్ను అడుగుతారు. ఎవరి సంగతి వాళ్ళదే, నేనేం చెబుతాను? మీ పేరు వినడానికి ఇంట్లో ఎవరైనా కాచుకుని ఉన్నారేమో ఒకసారి అడిగి చూడండి అంటాను.

షో అయ్యాక ఆ సాయంత్రం హిందూపురం స్టేషనులో రైలు కోసం బల్ల మీద కూర్చున్నాం. నాయన అందరికీ టీ తెచ్చాడు. అవ్వ నా కథల గురించి ఒక్క మాటా అనలేదు. టీ ఊదుకుంటూ, దూరంగా పట్టాల వైపు చూస్తూ అడిగింది.

“మల్లా ఎప్పుడు పిలుస్తారంట?”

“నన్నా అవ్వా?”

“నిన్నో, ఆయప్పనో. ఎవురినైతే ఏమి? పిలిస్తే సాలు, ఈతూరి నేను నోరు మూసుకోని వింటా.”